మూడు మూలలకొక గార్డు

చిత్రశాల వ్యవస్థాపకుల నిలువెత్తు పటానికి గుర్తు తెలియని వ్యక్తులెవరో కళ్ళజోడు గీసినట్లూ, దానివల్ల వారి ముఖంలో ఇదివరకు లేని పాండిత్యం తొణికిసలాడుతున్నట్లూ, అయినప్పటికీ ఇది నేరమే అయినట్లూ చిత్రశాల కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది. జోడు ఎప్పుడు గీశారో ఎవరికీ తెలియదు. వార్షికోత్సవం నాడు చైర్మన్‌గారు ఆ పటం కిందే నిలబడి వ్యవస్థాపకుల దూరదృష్టిని గురించి చాలాసేపు ఉపన్యసించారు గాని, అంత దూరదృష్టికి అద్దాలెందుకొచ్చాయని అడగలేదు. చివరికి సంగతి బయటపెట్టినది ఒక కళ్ళజోళ్ళ దుకాణం యజమాని. ఆయనా దాన్ని నేరంగా పట్టుకోలేదు. అలాంటి ఫ్రేము ఎక్కడ దొరుకుతుందో చెప్పమని డైరెక్టరుగారిని బతిమాలాడు, అంతే.

నేరం జరిగినప్పుడు నేరస్థుణ్ణి వెతకడం సామాన్యుల పద్ధతి. సంస్థలు బాధ్యుణ్ణి వెతుకుతాయి. నేరస్థుడు పారిపోతాడు, బాధ్యుడు మాత్రం రోజూ డ్యూటీకి వస్తాడు కాబట్టి ఈ పద్ధతే సులువు. ఆ హాలుకు బాధ్యుడు పెద్దగార్డు. ఫ్యాను కింద కుర్చీలో ఆయన ఎంతకాలంగా కూర్చుంటున్నాడంటే, కొత్తగా వచ్చినవాళ్ళు కొందరు ఆయన్ను కూడా ఒక ప్రదర్శన అనుకుని, పేరు రాసిన చీటీ కోసం కుర్చీ చుట్టూ వెతికేవారు. డైరెక్టరుగారు ఆయన్ను పిలిపించి, జోడు గీస్తుండగా చూసి ఊరుకుంటే అది ద్రోహమనీ, చూడకపోతే అది నిర్లక్ష్యమనీ, రెంటిలో ఏది నచ్చితే అది ఒప్పుకోవచ్చుననీ, వచ్చే కమిటీ సమావేశంలో ఉద్యోగం ఉండేదీ ఊడేదీ తేలుస్తామనీ ఎంతో సౌమ్యంగా చెప్పారు.

పెద్దగార్డు ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ కుర్చీ మీదే. ఆయన కూతురు అదే చిత్రశాలలో, మరమ్మతుల విభాగంలో తాత్కాలిక సహాయకురాలు. మాడిపోయిన బల్బులూ, కిర్రుమనే తలుపులూ ఆమె పరిధి. ఆ వంశంలో కాలేజీ మెట్లెక్కి పట్టాతో దిగిన మొదటి మనిషి కాబట్టి ఇంటిల్లిపాదీ ఆమెను 'డిగ్రీ' అనే పిలుస్తారు. "డిగ్రీ, గ్లాసు అందుకో" అంటారు. "డిగ్రీకి జ్వరమట" అంటారు. చదివింది లెక్కలు. ఆ లెక్కలతో బల్బులు మార్చడం తేలికవుతుందని వాళ్ళ నాన్న అందరికీ చెప్పుకునేవాడు.

ఆమె ఒక దారపు ఉండ తీసుకుని చిత్రశాలంతా తిరిగింది. ఆ భవనానికి గోడలు తిన్నగా ఉండవు. పూర్వం దాతల పటాలు పెట్టవలసివచ్చినప్పుడు ప్రతి దాతా తన పటం దగ్గర నిలబడితే ఇంకో దాత ముఖం కనపడకూడదని షరతు పెట్టాడట. భవనం కట్టినవాడు అందర్నీ సంతృప్తిపరిచాడు. ఎక్కడ ఇద్దరు దాతలు ఎదురుపడతారో అక్కడ గోడను మడిచాడు. అలా మడిచి మడిచి కడితే, ఒకచోట నుంచి చూస్తే అంతా కనపడే జాగా భవనం మొత్తంలో ఒక్కటీ మిగల్లేదు. అందుకే సిబ్బంది ఎవరి మూలన వాళ్ళు హాయిగా కునుకు తీస్తూ, పరస్పర గౌరవంతో బతుకుతున్నారు.

ఆ సాయంత్రం డిగ్రీ చెప్పింది.

"నాన్నా, మీ కుర్చీలోంచి ఆ పటం కనపడదు."

"ఎవరు చెప్పారు?"

"దారం చెప్పింది. కుర్చీ నుంచి పటం దాకా లాగితే మధ్యలో గోడ మూల అడ్డొచ్చి వంగిపోతోంది. దారం వంగిందంటే చూపు పోనట్టే."

"ఇన్నేళ్ళుగా నేను కాపలా కాస్తున్న పటం నాకు కనపడదా? మీ నాన్నకి కళ్ళు లేవని చెప్పడానికా నిన్ను చదివించింది?"

"కళ్ళున్నాయి నాన్నా. గోడ కూడా ఉంది."

వంటింట్లోంచి తల్లి అందుకుంది. "కనపడదని ఒప్పేసుకోండి. ఉద్యోగం నిలుస్తుంది."

"కనపడదని చెప్పి నిలబెట్టుకోడానికి అది గార్డు ఉద్యోగమా, ఇంకోటా? ఇంతకాలం ఏం చూశావయ్యా అంటే ఏం చెప్పను?"

"పోనీ, కనపడిందనే చెప్పండి. ఎవడో జోడు గీస్తుంటే, అద్దాలు సమానంగా వస్తున్నాయో లేదోనని చూస్తూ కూర్చున్నాననండి."

పెద్దగార్డు కంచం ముందునుంచి లేచిపోయాడు. కాసేపటికి మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. "కుర్చీ అక్కడ వేయించింది డైరెక్టరుగారే," అన్నాడు గొంతు తగ్గించి. "ఫ్యాను కింద. నేను వేసుకున్నది కాదు." ఇది ఆయన చేసిన ఒప్పుకోలు. అంతకు మించి ఏ న్యాయస్థానమూ ఆయన నోట రాబట్టలేదు.

సమావేశం నాడు డిగ్రీ ఒక పెద్ద కాగితం మీద భవనం ప్లాను గీసి, మూడు రంగుల సుద్దముక్కలు పట్టుకుని నిలబడింది. తలుపు దగ్గర గార్డులు ఏడుగురూ వరసగా నిలబడ్డారు. అందరికంటే చివర, చేతులు కట్టుకుని వాళ్ళ నాన్న. కుర్చీ నుంచి పటం కనపడదని ఆమె రుజువు చేసింది. "అయితే ఎంతమందిని, ఎక్కడ పెడితే అంతా కనపడుతుంది?" అని చైర్మన్‌గారు అడిగారు. అడగకుండా ఉంటే ఈ కథ ఇక్కడితో సుఖాంతమయ్యేది.

ఆమె శ్రద్ధగా చెప్పింది. మూల నుంచి మూలకు గీతలు గీస్తూ పోతే నేల అంతా త్రికోణాలుగా తెగుతుంది. ఒక్కో మూలకు ఒక రంగు చొప్పున, ప్రతి త్రికోణానికీ మూడు రంగులూ వచ్చేట్టు వేయవచ్చు. ఆ మూడింటిలో ఏ రంగు తక్కువసార్లు పడిందో చూసి, ఆ రంగు మూలల్లో గార్డుల్ని నిలబెడితే ప్రతి త్రికోణానికీ ఒక గార్డు దక్కుతాడు. త్రికోణంలో దాక్కోవడానికి చాటు ఉండదు కనక అంతా కనపడినట్టే.

"అంటే భవనం ఎంత వంకరగా ఉన్నా, మూలల్లో మూడోవంతు మంది చాలు సార్. మనకి ముప్ఫై మూలలు. పదిమంది ఉంటే ఎవరూ వంక పెట్టలేరు. నిజానికి మన భవనానికి అంతమంది కూడా అక్కర్లేదు. సరైన చోట్ల నిలబడితే నలుగురు సరిపోతారు."

నలుగురు అన్నాకగాని ఆమెకు తట్టలేదు, ఏడుగురిలో నలుగుర్ని ఉంచవలసివస్తే కళ్ళజోడు మచ్చ ఉన్నవాణ్ణి ఎవరూ ఉంచుకోరని. చివర నిలబడ్డ తండ్రి వైపు చూసే ధైర్యం చేయలేదు. లెక్క తప్పని అనడానికి నోరు రాలేదు. లెక్క సరైనదే మరి.

డైరెక్టరుగారు గొంతు సవరించుకుని లేచారు. "మిత్రులారా, ఈ అమ్మాయి మనకు రెండు సంఖ్యలు చెప్పింది. పది అనేది సిద్ధాంతం. నలుగురు అనేది ఆమె వ్యక్తిగత అభిప్రాయం. ఈ మహాసంస్థ వ్యక్తుల అభిప్రాయాల మీద ఏనాడూ నడవలేదు, సిద్ధాంతాల మీదే నడిచింది! మూడు మూలలకు ఒక గార్డు ఉండాలని శాస్త్రం ఘోషిస్తోంది. పదిమంది ఉండవలసినచోట ఏడుగురితో నెట్టుకొస్తున్న మన పెద్దగార్డు వీరుడా, దోషియా? మీరే చెప్పండి!"

అందరూ వీరుడే అన్నారు. పెద్దగార్డు కట్టుకున్న చేతులు విప్పాడు.

"సార్," అంది డిగ్రీ, "పదిమంది చాలు అన్నాను. పదిమంది ఉండి తీరాలని అనలేదు. పదిమందికి వండితే నలుగురికి సరిపోతుంది. అలాగని పదిమందీ తినాలని కాదు కదండీ."

"వండాక పారేస్తామా అమ్మా?" అన్నారు చైర్మన్‌గారు ఆప్యాయంగా. "తినేవాళ్ళని పిలుస్తాం."

పిలిచారు. చైర్మన్‌గారి మేనల్లుడు, డైరెక్టరుగారి తోడల్లుడు, కోశాధికారిగారి డ్రైవరు ఆ ఖాళీలకు సర్వవిధాలా అర్హులని తేలింది. ముగ్గురికీ రెండేసి కళ్ళున్నాయి.

ఆ రాత్రి ఇంట్లో అన్నం సహించినవాడు ఒక్క పెద్దగార్డే. "మా డిగ్రీ ఏం మాట్లాడింది! పదిమంది ఉండాలని బల్లగుద్ది చెప్పింది," అన్నాడు. చెప్పలేదని కూతురు అనబోయింది. "చాలు అన్నావుగా, ఇక చాలు," అని తల్లి ఆమె కంచంలో ఇంకో గరిటె వడ్డించింది.

కానీ మొదటితరం చదువుకు ఒక జబ్బుంది. అది అబద్ధాన్ని మింగనివ్వదు, మింగినా అరగనివ్వదు. డిగ్రీ మర్నాడు డైరెక్టరుగారి గదికి వెళ్ళింది. లెక్కకూ భవనానికీ పొంతన లేదని, ఈ భవనానికి పదిమంది అవసరం లేదని, తన తండ్రి ఉద్యోగం పోయినా సరే నిజం నిజమేనని చెప్పింది. ఆయన చాలా ఓపికగా విన్నారు. ఇటువంటి నిజాయితీ ఉద్యోగుల్లో అరుదని, అరుదుగా ఉండడమే మంచిదని అన్నారు.

"పొంతన లేదన్నావు. ఒప్పుకుంటాను. మరి దేన్ని దిద్దుదాం? లెక్కను దిద్దితే మీ నాన్నతో సహా ఆరుగురు ఇంటికి పోతారు. ఆరు కుటుంబాల ఉసురు తగులుతుంది. అదే భవనాన్ని దిద్దితే?"

"భవనాన్ని ఎలా దిద్దుతారు సార్?"

"అది మేస్త్రీ చూసుకుంటాడు."

మేస్త్రీ చూసుకున్నాడు. అప్పటికే కమిటీలో ఒక్కొక్కరూ తమ వైపు నాలుగు మూలలు ఎక్కువ పడితే బాగుండునని మనసులో అనుకుంటున్నారు. మూడు మూలలు దొరికితే ఒక అల్లుడు స్థిరపడతాడు. ఆరు దొరికితే అల్లుడి తమ్ముడు కూడా. అడ్డచెక్కలు వచ్చాయి, మేకులు వచ్చాయి. హాళ్ళన్నీ కలిపి ఒక పొడవాటి నడవా చేసి, దానికి ఒకవైపున దువ్వెన పళ్ళలా కొనదేలిన సందులు వరసగా పెట్టుకుంటూ పోయారు. లోపలికి పోయేకొద్దీ సన్నబడే సందులు. మేస్త్రీకి జ్యామితి రాదు గాని, ఎవరి చుట్టాన్ని ఎక్కడ కూర్చోబెట్టాలో చెబితే గోడ దానంతటదే వంగేది.

పని పూర్తయ్యాక డిగ్రీ మళ్ళీ దారం పట్టుకుని వెళ్ళింది. మూలలు లెక్కపెట్టింది, దారం లాగింది. మళ్ళీ లాగింది. ఒక సందు కొసన ఉన్నది పక్క సందులో వాడికి కనపడదు. ఆ సందు కోసం ఒక మనిషి ఉండి తీరాలి. ఇంకొకడు ఎక్కడ నిలబడ్డా రెండు సందుల కొసలు ఒకేసారి చూడలేడు. ఎన్ని సందులో అంతమంది. అంటే మూలల్లో సరిగ్గా మూడోవంతు. ఒక్కరు తగ్గినా కుదరదు.

డైరెక్టరుగారు వెనకనుంచి వచ్చి, "ఇప్పుడు మన సంఖ్య సరైనదేనా?" అని అడిగారు.

"సరైనదే సార్."

"తప్పనిసరేనా?"

"తప్పనిసరే."

"చూశావా, నువ్వు మొదట్లో తొందరపడ్డావు," అన్నారాయన క్షమిస్తున్నట్టు. ఇంతమంది గార్డులు ఉండి తీరాలన్న ధ్రువపత్రం మీద ఆమె సంతకం పెట్టింది. ప్రపంచంలో తప్పు లెక్కలు చేసినవాళ్ళు చాలామంది ఉన్నారు. తప్పు లెక్కకు తగ్గట్టు భవనం కట్టి దాన్ని ఒప్పు చేసిన ఘనత మాత్రం మన కమిటీదే. పాఠకులు ఇది తమ ఊళ్ళో జరిగిందేమో అనుకుంటే మేం కాదనం.

తర్వాత జరిగిన సమావేశంలో కోశాధికారిగారు ఒక మౌలిక ప్రశ్న వేశారు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడు గదా, సందు కొసన కూర్చున్న గార్డే నిద్రపోతే? అతణ్ణి చూసేదెవరు? కమిటీ నివ్వెరపోయి, ప్రతి సందు మొగలోనూ లోపలి గార్డును కనిపెట్టి ఉండడానికి ఒక పైగార్డును నియమించింది. పైగార్డుల్ని చూసేదెవరన్న ప్రశ్న కూడా వచ్చింది గాని, నడవాలో వరసగా కూర్చోవడం వల్ల వాళ్ళు ఒకరికొకరు కనపడతారని తేలి, త్రుటిలో ప్రమాదం తప్పింది.

"సార్, మొగలో కూర్చున్నవాడికి సందంతా కనపడుతుంది," అంది డిగ్రీ. "ఇక లోపలివాడితో పనిలేదు."

"లోపలివాడు లేకపోతే బయటివాడు ఎవర్ని చూడాలమ్మా?" అన్నారు డైరెక్టరుగారు.

పెద్దగార్డుకు పైగార్డుగా వచ్చినవాడు ఆయన సొంత బావమరిదే. ఒకప్పుడు వాడు నిచ్చెన అరువు తీసుకుని ఒక మెట్టు తక్కువగా తిరిగిచ్చాడు. ఆనాటినుంచి బావాబావమరుదుల మధ్య మాటల్లేవు. పెళ్ళిళ్ళలో కూడా ఒకరు తింటుంటే ఒకరు లేచిపోయేవారు. ఇప్పుడు డ్యూటీ ప్రకారం రోజంతా ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ కూర్చోవాలి.

మొదట్లో పెద్దగార్డు కళ్ళు మూసుకున్నాడు. "గార్డు నిద్రపోతున్నాడని రాయనా బావా?" అన్నాడు బావమరిది.

"నీ ముఖం చూడ్డంకంటే అదే నయం. రాసుకో."

"రాస్తే ఉద్యోగం పోతుంది. అక్క నన్ను గడప తొక్కనివ్వదు."

"ఇప్పుడు తొక్కుతున్నావా ఏం?"

తర్వాత బావమరిదే అన్నాడు: "ఆ మెట్టు నేను విరగ్గొట్టలేదు. నువ్విచ్చినప్పుడే ఊగుతోంది."

"ఊగుతోందని తెలిసి పైదాకా ఎందుకెక్కావురా?"

"కిందనుంచి కనపడలేదు మరి."

పెద్దగార్డు కళ్ళు తెరిచాడు. ఈ వివాదం వారాలపాటు పూర్తి స్థాయిలో నడిచింది. ఆ తర్వాత బావమరిది సోమవారం సెలవునాడు భోజనానికి రావడం మొదలుపెట్టాడు. చిత్రశాల పునర్నిర్మాణం వల్ల ప్రజలకు కలిగిన లాభాల్లో రుజువైనది ఇదొక్కటే.

ఇక బొమ్మల సంగతి. సందుల్లో కుర్చీ వేస్తే గోడకు బొమ్మ పట్టదు, బొమ్మ వేలాడదీస్తే కుర్చీ పట్టదు. కమిటీ సాధకబాధకాలు ఆలోచించి కుర్చీలవైపు మొగ్గింది. వ్యవస్థాపకులతో సహా బొమ్మలన్నీ వెనక గోదాములోకి చేరాయి. గోదాముకు తాళం ఉంది కాబట్టి గార్డు అక్కర్లేదన్నారు. ఇప్పుడు చిత్రశాలలో నేలమీద కంటపడని జానెడు జాగా కూడా లేదు. భద్రత పరిపూర్ణం. డైరెక్టరుగారికి సన్మానం జరిగింది.

డిగ్రీకి నిద్ర పట్టలేదు. బొమ్మలు లేని చిత్రశాలకు టిక్కెట్టు కొని వచ్చే మనిషికి అన్యాయం జరుగుతోందని, దానికి తన సంతకం ఉందని, మూలం తన సుద్దముక్కేనని ఆమె బాధ. చివరికి డైరెక్టరుగారి దగ్గరకే వెళ్ళి, అడ్డచెక్కలు తీసేసి బొమ్మలు పెట్టించమని అడిగింది.

"పెట్టిద్దాం. మీ నాన్న, మావయ్య ఇంటికెళ్తారు. సరేనా?"

ఆమె నేలచూపులు చూస్తూ, "సరే సార్," అంది. "బొమ్మలు ప్రజలవి. అడగవలసింది ప్రజల్ని."

"అడుగు. వాళ్ళు వద్దంటే గోడలుంటాయి. కావాలంటే తీసేస్తాను. మాట."

ఆ ఆదివారం ఆమె బయటికి పోయే ద్వారం దగ్గర నిలబడింది. లోపల తండ్రికి సంగతి తెలుసు. ఉదయం ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ, "అడుగు. నిజమే అడుగు. నిన్ను చదివించింది నేనే కదా," అన్నాడు గాని, టిఫిను డబ్బా మర్చిపోయి వెళ్ళాడు.

జనం వచ్చారు. విచిత్రమేమిటంటే ఇదివరకటికంటే ఎక్కువమంది వచ్చారు. నడవాలో అడుగు పెట్టగానే పైగార్డులు వాళ్ళను తలనుంచి పాదాలదాకా చూశారు. సందు ముందు ఆగితే లోపలి గార్డు కూడా తలెత్తి చూశాడు. అది వాళ్ళ డ్యూటీ. చూస్తున్నకొద్దీ జనం నిటారుగా నడిచారు. ఒకాయన చొక్కా సర్దుకున్నాడు. ఒక ముసలాయన, చేతికర్ర అక్కర్లేదన్నట్టు చంకలో పెట్టుకున్నాడు. ఆఖరికి నడవా చివరిదాకా వెళ్ళి, అలాగే వెనక్కి తిరిగి ఇంకోసారి నడిచొచ్చారు.

డిగ్రీ మొదట ఒక పెద్దావిడను ఆపింది. "అమ్మా, లోపల బొమ్మల్లేవు. ఈ గోడలు తీసేసి బొమ్మలు పెట్టమంటారా?"

"బొమ్మలెందుకమ్మా?" అంది ఆవిడ. "జుట్టు కత్తిరించుకుని వారమైంది. ఇంట్లో ఒక్కడు తలెత్తి చూడలేదు. ఇక్కడ అడుగడుగునా చూశారు. చివర సందులో పెద్దాయన, 'బాగుందమ్మా' అన్నాడు కూడాను."

చివర సందులో పెద్దాయన ఎవరో ఆమెకు తెలుసు. తర్వాత చొక్కా సర్దుకున్నాయన్ను అడిగింది. "బొమ్మలొస్తే వాటిని మేం చూడాలి కదండీ. ఇక్కడ మమ్మల్ని చూస్తున్నారు," అన్నాడు. ఆయన మళ్ళీ టిక్కెట్టు వరసలోకి వెళ్ళాడు. సాయంత్రందాకా అడిగింది. బొమ్మలు కావాలన్నవాడు ఒక్కడు దొరికాడు. తీరా చూస్తే ఆయన వాటిని గీసినవాడు.

ప్రజాభిప్రాయం ప్రకారం గోడలు నిలిచాయి. పెద్దగార్డు ఉద్యోగం నిలిచింది. కూతురు అబద్ధమాడకుండానే అంతా నిలిచింది కాబట్టి ఆ రాత్రి ఆమెకు నిద్ర కూడా పట్టింది. చిత్రశాల సోమవారం తప్ప అన్ని రోజులూ తెరిచి ఉంటుంది. మీరూ రండి. లోపల చూడడానికి ఏముందని వెనకాడకండి. కావలసినంతమంది ఖాళీగా కూర్చుని, మీకోసమే కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూస్తున్నారు. నమ్మకం కలగకపోతే ముందు మీ ఇంట్లోనే ఒకసారి హాలు మధ్యకు వెళ్ళి నిలబడి చూడండి. ఎవరైనా తలెత్తితే రావద్దులెండి.